రెండు పెన్నుల చార్టు

"ఇంట్ల నిద్రపోయినోడివి, పాప ఎన్నిసార్లు పాలు తాగిందో నీకెట్ల తెలుసు?"

ధాత్రి ఈ ప్రశ్న వేసి అయిదు నిమిషాలైంది. ఆ అయిదు నిమిషాల్లో అనంత్ చలికోటు వేసుకున్నాడు, విప్పాడు, కారు తాళాలు ఎక్కడున్నాయని తనలో తనే గొణుక్కున్నాడు, అవి తన చేతిలోనే ఉన్నాయని తెలుసుకున్నాడు. 

వంటగట్టు మీద, నర్సు నకలు తీసుకుని తిరిగిచ్చిన చార్టు పరిచి ఉంది. రోజుకో వరుస. పాలు ఎన్నిసార్లు, ఎంతసేపు, తడి డైపర్లు ఎన్ని. పద్నాలుగు రోజుల గళ్ళూ నిండి ఉన్నాయి. అంకెలు ముత్యాల్లా ఉన్నాయి. కొన్ని నీలం పెన్నుతో, కొన్ని నల్ల పెన్నుతో.

పొద్దున తొమ్మిదింటికి క్లినిక్ నుంచి నర్సు డార్లీన్ ఫోన్ చేసింది. పాప పుట్టి ఇరవై నాలుగు రోజులు. పుట్టినప్పుడు మూడు కిలోల నూట ఇరవై. మొన్న అనంత్ తీసుకెళ్ళి తూయించినప్పుడు రెండు కిలోల తొమ్మిది వందల యాభై. చార్టు చూస్తే పాలు కడుపునిండా తాగుతోంది. తాగిన పాలు ఒంటికి పట్టడం లేదంటే లోపల ఏదో తేడా ఉండి ఉండాలని డాక్టరు అనుమానం. మధ్యాహ్నం ఒకటిన్నరకి రండి, మరోసారి తూద్దాం, పెరగకపోతే అటునుంచి అటే ఆసుపత్రికి. రక్తం తీస్తారు, ఇంకొన్ని పరీక్షలు చేస్తారు, రెండు మూడు రోజులు ఉంచుకోవచ్చు, పాప బట్టలు తెచ్చుకోండి. చెప్పవలసిందంతా చెప్పి, కంగారు పడకండి అని కూడా చెప్పింది.

ఫోన్ పెట్టేశాక ధాత్రి మొదటిసారి ఆ చార్టు చేతిలోకి తీసుకుంది. అంతవరకూ చూడలేదు. "క్లాసులు నువ్వు చూస్కో, చార్టు సంగతి నాకొదిలెయ్" అని అనంత్ మొదటిరోజే అన్నాడు. వదిలేసింది.

"పోయిన గురువారం నేను క్లాసుకి పొయ్యి వచ్చేదాకా పాప లేవనే లేదని నువ్వే చెప్పినవ్. అయిదు గంటలు. ఈడేమో రెండుసార్లు తాగిందని రాసి ఉంది. అది గూడ ఒకటి నీలం, ఒకటి నలుపు."

"ఏదో గుర్తు లేక రాసుంటా."

"గుర్తు లేక రాసినోడు రెండు పెన్నులు మారుస్తడా?"

రెండు పెన్నుల సంగతి ధాత్రికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఇంజనీరింగులో థర్మల్ ల్యాబు రికార్డు ఏడాదికి సరిపడా ఒక్క పూటలో రాసేవాడు అనంత్. జవాబు ఎంత రావాలో ముందు కనుక్కోవడం, దానికి తగ్గ రీడింగులు తర్వాత రాయడం, వేర్వేరు రోజుల్లో రాసినట్టుండాలని మధ్యమధ్య పెన్ను మార్చడం. ధాత్రి రికార్డు కూడా అతనే రాసిపెట్టాడు. సారు "వెరీ గుడ్" అని సంతకం పెట్టారు. సిద్దిపేట అమ్మాయి ఏలూరు అబ్బాయికి పడిపోయింది ఆ రికార్డు దగ్గరే. అప్పుడు మురిసిపోయినవాళ్ళకి ఇప్పుడు కోప్పడే హక్కు ఎంతవరకు ఉందో చెప్పడం కష్టం. కోపం మాత్రం హక్కులు చూసుకుని రాదు.

"మొన్న పొద్దున కూర్చుని రాశా," అన్నాడు అనంత్ చివరికి. "మొదటి రెండు రోజులూ నిజంగానే రాశా. తర్వాత షిఫ్టులు పడ్డాయి. ఖాళీ గళ్ళు ఇస్తే ఏమనుకుంటారు?"

"ఖాళీ ఉందని అనుకుంటరు."

"పిల్లని సరిగ్గా చూసుకోవట్లేదని అనుకుంటారు. ఫైల్లో రాస్తారు. ఎనిమిదిసార్లు తాగాలి, ఆరు డైపర్లు తడవాలి అని నెట్‌లో ఉంది. అదే రాశా. నేనేమన్నా వంద రాశానా?"

తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు. అనంత్ ఆ బాపతు.

"నువ్వు అంత మంచిగ రాసినవ్ కాబట్టే పాపకి రోగం ఉందంటున్నరు! పాలు సరిగ్గ తాగుతలేదు, అందుకే పెరుగుతలేదు అని చెప్తే అయిపోయేది గదా. ఇప్పుడు రక్తం తీస్తరంట. ఆ చేతిల నరం ఎక్కడ దొరుకుతది వాళ్ళకి? వేలంత లేదు ఆ చెయ్యి!"

గొంతు పెరిగినట్టు ఆమెకే తెలిసింది. ఊయలలో పాప కదలలేదు. అరుపులకు ఉలిక్కిపడే పిల్ల వారం రోజులుగా ఉలిక్కిపడడం మానేసింది. మంచి పిల్ల, ఏడవదు అని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు తలుచుకుని ధాత్రి ఊయల దగ్గరికి వెళ్ళి పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించి ఇద్దరూ ఆగారు. పైన ఉండే ఇంటివాళ్ళ అమ్మగారు సరోజన గిన్నెతో దిగివచ్చింది. హనుమకొండ మనిషి. కొడుకు దగ్గర ఉండడానికి, తల్లిదండ్రులకి కెనడా ఇచ్చే సూపర్ వీసా మీద వచ్చింది. ధాత్రి వాళ్ళ అమ్మకి విజిటర్ వీసా రెండుసార్లు రిజెక్ట్ అయిందని తెలిసిన రోజు నుంచీ, బేస్‌మెంట్‌లో అద్దెకున్న ఈ పిల్లకి పురుడు పోసే పని తనదేనని ఎవరూ అడగకుండానే నెత్తినేసుకుంది. రోజూ పాపకి కాళ్ళమీద వేసుకుని నీళ్ళు పోస్తుంది, సాంబ్రాణి పొగ వేస్తుంది. ఆ పొగకి ఫైర్ అలారం రెండుసార్లు మోగింది. మూడోరోజు అలారానికి తడిగుడ్డ చుట్టింది.

"ఇంక తినలేదా బిడ్డా? వెల్లుల్లికారం అన్నం తెచ్చిన. నెయ్యి వేసిన."

గిన్నె పక్కన అరగ్లాసు నీళ్ళు. బాలింతకి పూటకి అరగ్లాసు, అదీ కాచి చల్లార్చింది. అంతకు మించితే పొట్ట వస్తుంది, నడుం పడుతుంది, పాపకి జలుబు చేస్తుంది. బయట మైనస్ ముప్ఫై. ఇంట్లో ఇరవై నాలుగ్గంటలూ హీటరు గాలి. పెదాలు పగిలి నెత్తురొస్తున్నా ధాత్రి ఆ అరగ్లాసు దాటలేదు. మంచి మనసుతో పెట్టేవాళ్ళ మాట దాటడం చెడ్డవాళ్ళ మాట దాటడమంత సులువు కాదు.

"పాపని ఆసుపత్రికి తీస్కపోవాలంట ఆంటీ. బరువు పెరుగుతలేదంట."

"తూసుడెందుకు బిడ్డా మాటిమాటికి? పిల్లల్ని గట్ల తూస్తరా? దిష్టి గాదు?" అంటూనే సరోజన ఊయల మీదికి వంగింది. పాప తొడ రెండువేళ్ళతో పట్టుకుని చూసింది. వదిలింది. మళ్ళీ పట్టుకుంది. ముగ్గురు పిల్లల్ని కని, అయిదుగురు మనవల్ని పెంచిన చెయ్యి అది.

"నిజం చెప్పు. పాలు చాల్తలేవా?"

గొంతు తగ్గించి అడిగింది, అనంత్ వినకూడదని. ధాత్రి అన్నంగిన్నె వైపు చూసింది. క్లాసుకి వెళ్ళే ముందు పంపు పెట్టి తీస్తే సీసా అడుగు తడిసేది, అంతే. వారం నుంచీ తెలుసు. నర్సుకి చెప్పలేదు, అమ్మకి వీడియో కాల్‌లో చెప్పలేదు, అనంత్‌కి చెప్పలేదు.

"చాల్తున్నయ్ ఆంటీ," అంది.

 సరోజన పాప అరికాలికి కాటుక చుక్క పెట్టి, గిన్నె అక్కడే వదిలి, మెట్లెక్కి వెళ్ళిపోయింది. పై మెట్టు మీద అడుగుల చప్పుడు కాసేపు ఆగింది.

చలికి ఇంజను గడ్డకట్టకుండా కారుకి పెట్టిన కరెంటు ప్లగ్గు అనంత్ తీసి, వైరు చుట్టి, ఇంజను వేడెక్కాక వచ్చి పిలిచాడు. పాపని సీట్లో కట్టారు. అరగ్లాసు నీళ్ళు గట్టు మీదే ఉండిపోయాయి.

రెజైనా రోడ్ల మీద మంచు రెండువైపులా నడుమెత్తు పేరుకుని ఉంది. మూడో సిగ్నల్ దగ్గర కారు ఆగింది.

"నర్సుకి చెప్పేద్దాం," అంది ధాత్రి.

"ఏమని?"

"చార్టు తప్పని."

"పొరపాటు కాదది. కావాలని రాశామని వాళ్ళకి తెలుస్తుంది. చిన్నపిల్లల విషయంలో ఇక్కడ ఊరుకోరు ధాత్రీ. గ్రూప్‌లో చూశావుగా, ఎవరో ఒకళ్ళ పిల్లని తీసుకెళ్ళిపోయారంట."

"ఎవరిని?"

"ఎవరో."

"ఏ ఊళ్ళె?"

"అదంతా రాయలేదు. రేపు ఇక్కడే ఉండిపోడానికి పీఆర్‌కి అప్లై చేసినప్పుడు ఇవన్నీ బయటికొస్తాయి. ఇక్కడ అన్నీ లింకే."

ఆన్‌లైన్‌లో ఇక్కడి తెలుగువాళ్ళు పెట్టుకున్న ఆ గ్రూపులో రెండు వేల నాలుగు వందల మంది ఉన్నారు. రూమ్ కావాలని, సోఫా అమ్ముతామని, ఫలానా పని చేస్తే ఫలానాది రిజెక్ట్ అవుతుందని రోజంతా రాసుకుంటారు. ఒక్క టర్మ్ లీవు తీసుకోవచ్చా అని యూనివర్సిటీ ఆఫీసులో అడగకుండా ధాత్రి ఆ గ్రూపులోనే చదివింది. తీసుకుంటే స్టడీ పర్మిట్ పోతుందని ఎవరో రాశారు. ప్రసవమైన పదకొండో రోజున క్లాసులో కూర్చుంది. కాబట్టి అనంత్‌ని గ్రూపు పేరెత్తి ఎగతాళి చేసే అర్హత ఆమెకీ లేదు.

"పరీక్షలు చేస్తే చెయ్యనీ," అన్నాడు అనంత్. "ఏం లేదని తేలుతుంది. అయిపోతుంది. ఈలోపు మనం పాలు ఎక్కువ పట్టిద్దాం."

"లేని రోగానికి నా బిడ్డకి సూదులు గుచ్చిపిస్తవా? నీ రాత మంచిగుందని?"

ఆ మాటకి అనంత్ కారు పక్కకి తీసి ఆపాడు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకి చూస్తూ కూర్చున్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ధాత్రి చూసింది. చూసి అటు తిరిగింది. జాలిపడితే మాట వెనక్కి తీసుకోవలసి వస్తుందని భయపడింది.

"సరే," అన్నాడు. "నేనే చెప్తా. రాసింది నేనని చెప్తా. నువ్వు మాట్లాడకు, మాట్లాడితే ఇద్దరిదీ కంగాళీ అవుతుంది."

"నువ్వే చెప్తవా?"

"చెప్తానన్నానుగా."

ధాత్రి నమ్మింది.

క్లినిక్‌లో తూకం గది గోడకి ఒక పాత ఫోటో ఉంది. ఏదో చర్చి కింది గది. పొడుగు కోట్లు తొడుక్కున్న ఆడవాళ్ళు చంటిపిల్లలతో వరుసగా నిలబడ్డారు. ముందు బల్ల మీద పచారీ కొట్టు త్రాసు లాంటిది, పక్కన టోపీ పెట్టుకున్న నర్సు. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు.

డార్లీన్ పాప బట్టలన్నీ విప్పించింది. చేతులు రుద్దుకుని వేడి చేసుకుని, పాపని ఎత్తి మెషీన్ మీద వేసింది. అంకెలు ఎగిరెగిరి నిలిచాయి. రెండు కిలోల తొమ్మిది వందల అరవై అయిదు.

"పదిహేను గ్రాములు. రెండు రోజుల్లో," అంది డార్లీన్. ఆమెది యాభై అయిదు దాటిన వయసు. మాట నెమ్మది. "కనీసం నలభై అయినా రావాలి. ఆసుపత్రికి ఫోన్ చేస్తాను. పాపకి దుప్పటి చుట్టండి."

ధాత్రి భర్త వైపు చూసింది. భర్త ఫోటో వైపు చూస్తున్నాడు. ఎంత శ్రద్ధగా అంటే, తిరిగి వెళ్ళాక ఎవరో పరీక్ష పెడతారన్నంత శ్రద్ధగా.

ఆసుపత్రి వాళ్ళు ఫోన్‌ని హోల్డ్‌లో పెట్టారు. సంగీతం సన్నగా వినిపిస్తోంది. డార్లీన్ ఫోను చెవికి ఆనించుకునే ఫోటో వైపు తల ఊపింది. "ఆ తల్లుల వరుసలో చివర తెల్ల టోపీ పెట్టుకున్నావిడ మా అమ్మమ్మ. చేతిలో ఉన్నది మా అమ్మ. రెండు ప్రపంచయుద్ధాల మధ్య రోజులు. పొలాల మధ్య నుంచి పద్నాలుగు మైళ్ళు గుర్రబ్బండి మీద మంచులో వచ్చేది, పిల్లని తూయించడానికి."

"అవునా," అన్నాడు అనంత్. మాట దొరికినందుకు అతనికి ప్రాణం లేచి వచ్చినట్టుంది.

"అప్పటి నర్సులు మహా కఠినం. నాలుగు గంటలకొకసారే పాలివ్వాలి, గడియారం చూసి. మధ్యలో ఏడిచినా ఎత్తుకోకూడదు. అమ్మమ్మ పిల్ల ఏడిచినప్పుడల్లా ఇచ్చేది. కార్డు మీద మాత్రం నాలుగు గంటలు, నాలుగు గంటలు, నాలుగు గంటలు. ఆ కార్డు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఒక్క కొట్టివేత ఉండదు."

నవ్వుతూనే చెప్పింది. చెబుతూ ఎదురుగా ఉన్న పద్నాలుగు వరుసల చార్టు నకలు మీద చెయ్యి వేసి సవరించింది. కావాలని వేసిందో, ఊరికే వేసిందో చెప్పలేం. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అనంత్ చటుక్కున జేబులో పెన్ను తడుముకున్నాడు.

ఫోన్‌లో సంగీతం ఆగింది. ఎవరో హలో అన్నారు.

ధాత్రి ఒక్క క్షణం ఆగింది. అనంత్ నోరు తెరిచాడు. మూశాడు. ఆమె చూస్తూనే ఉంది. 

"ఆ చార్టు నిజం కాదు," అంది ధాత్రి.

ఇంగ్లీషులో ఎంతో వివరంగా చెప్పాలని దారిపొడుగునా వాక్యాలు కూర్చుకుంది. తీరా అవేవీ రాలేదు. వచ్చిన నాలుగు మాటలూ వచ్చాయి. డార్లీన్ అవతలివాళ్ళతో మళ్ళీ చేస్తానని చెప్పి ఫోన్ పెట్టేసింది.

"ఏది నిజం కాదు?"

"మొత్తం. మొదటి రెండు రోజులు తప్ప. పాప అన్నిసార్లు తాగలేదు. అయిదుసార్లు, ఆరుసార్లు. పడుకుంటే లేపలేదు. నా దగ్గర..." ఇక్కడ ఆగి పాప దుప్పటి సవరించింది. పొద్దున సరోజనకి చెప్పని మాటని ఈ పరాయి మనిషికి చెప్పవలసి వచ్చింది. "నా దగ్గర పాలు తక్కువ. నేను నీళ్ళు కూడా సరిగ్గా తాగట్లేదు. పాపకి రోగం లేదు. ఆకలి, అంతే."

ఏడుపు వచ్చింది. సిగ్గుతో వచ్చింది. ఇరవై నాలుగు రోజుల్లో మొదటిసారి ఎవరి ముందో ఏడ్చినందుకు కొంత సుఖంగా కూడా అనిపించింది.

డార్లీన్ కోప్పడలేదు. బీరువాలోంచి సిద్ధంగా పోసి ఉన్న డబ్బాపాల చిన్న సీసా తీసి, మూత తిప్పి, పీక బిగించి ధాత్రి చేతికిచ్చింది. పాప పెదాలకి తగలగానే ఒక్క క్షణం ఏమిటిదన్నట్టు ఆగి, తర్వాత రెండు పిడికిళ్ళూ బిగించి గటగటా తాగడం మొదలుపెట్టింది. అరవై మిల్లీలీటర్లు. మధ్యలో ఆపి భుజాన వేసుకుంటే గుక్కపట్టి ఏడ్చింది. వారం తర్వాత గట్టిగా ఏడవడం అదే. ఆ ఏడుపు విని ధాత్రి నవ్వింది.

"ఈరోజుకి ఆసుపత్రి వద్దు," అంది డార్లీన్. "రెండు గంటలకొకసారి లేపి మరీ పాలివ్వాలి, పైన ఈ సీసా. నువ్వు దాహమేసినంత తాగాలి. రేపు పొద్దున మళ్ళీ తూద్దాం. పెరిగితే గండం గడిచినట్టే. డాక్టరుతో నేను మాట్లాడతాను." తర్వాత కాగితాన్ని తన వైపు తిప్పుకుంది. "డాక్టరు అడుగుతారు కాబట్టి అడుగుతున్నా. ఇది ఎవరు రాశారు?"

మాటలో నిందేమీ లేదు. అడ్రసు అడిగినట్టు అడిగింది.

"మై వైఫ్," అన్నాడు అనంత్.

గబుక్కున అన్నాడు. అనేశాక తన మాట తనకే వినబడినట్టు తల ఎత్తాడు. ధాత్రి పాలసీసా వంచి పట్టుకునే ఉంది.  కారులో అతని కళ్ళలో నీళ్ళు తిరిగినప్పుడు తను అటు తిరిగినందుకు దారంతా బాధపడింది. ఆ బాధ అక్కడికక్కడే చచ్చిపోయింది.

"అవునా ధాత్రీ?"

ధాత్రి పాప గడ్డం కింద కారిన పాలు తుడిచింది.

డార్లీన్ కొత్త చార్టు ఒకటి తీసి, పెన్ను పెట్టి ముందుకి జరిపింది. "సరే. నిన్నటి రోజు ఒక్కటి, నీకు గుర్తున్నంతవరకు నిజంగా రాసి ఇవ్వు. తప్పయితే కొట్టివెయ్యి, ఫరవాలేదు."

పాపని ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో రాసింది. పాలు అయిదు. కొట్టివేసి ఆరు. మళ్ళీ ఆలోచించి అయిదు. డైపర్లు మూడు. ధాత్రి రాత కోడి గీరినట్టుంటుంది. అందుకే కదా ఆ రోజుల్లో రికార్డు మరొకరి చేత రాయించుకున్నది.

డార్లీన్ రెండు కాగితాలనీ పక్కపక్కన పెట్టింది. ఒకదాని మీద ముత్యాలు, ఇంకొకదాని మీద కోడికాళ్ళు. కాసేపు చూసింది.  అంతవరకూ కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్న మనిషి నిటారుగా కూర్చుంది.

"అనంత్, మీరు కాసేపు బయట కూర్చుంటారా?"

"నేనా? ఎందుకు?"

"తల్లులతో కొంచెంసేపు విడిగా మాట్లాడతాం. అందరితోనూ."

అనంత్ లేచాడు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ధాత్రీ, నేను..." అని తెలుగులో మొదలుపెట్టాడు. డార్లీన్‌కి తెలుగు రాదని అతనికి అప్పుడు గుర్తొచ్చినట్టుంది. తనకి అర్థంకాని భాషలో భార్యకి ఏదో చెబుతున్నాడని ఆమె అనుకోవచ్చని కూడా తట్టినట్టుంది. ఆగిపోయి బయటికి వెళ్ళాడు.

డార్లీన్ తలుపు వేసింది. వచ్చి ధాత్రికి ఎదురుగా కాక పక్కన కూర్చుంది. ఒక గ్లాసు నిండా నీళ్ళు పోసి ఆమె అందుకునేలా పెట్టింది. ఒడిలో కొత్త కాగితం పెట్టుకుంది. అది చార్టు కాదు.

"ధాత్రీ, ఇంట్లో నీకు భయంగా ఉందా?"

లేదని చెప్పాలి. అది నిజం కూడా. అనంత్ చెయ్యెత్తే మనిషి కాదు, గొంతెత్తే మనిషైనా కాదు. కానీ ఇరవై నాలుగు రోజులుగా దేనికి భయపడలేదు గనక? అరగ్లాసు దాటడానికి భయం, క్లాసు మానడానికి భయం, పాలు లేవని ఒప్పుకోవడానికి భయం. ఇప్పుడీ భయాల్లో ఏది నర్సు అడిగిన భయమో, ఏది కాదో, దానికి ఇంగ్లీషులో ఏమనాలో ధాత్రి వెతుక్కుంది. "మై వైఫ్" అన్న మాట ఇంకా చెవుల్లో ఉంది. లేదని చెప్పి వెంటనే అతన్ని కాపాడాలంటే మనసొప్పలేదు కూడా. ఒక్క నిమిషం అతన్ని అలా బయట కూర్చోనీ అనుకుంది.

తలుపు అద్దంలోంచి అనంత్ కనిపిస్తున్నాడు. పాప సంచీ ఒళ్ళో పెట్టుకుని, నేలకేసి చూస్తూ కూర్చున్నాడు.

ధాత్రి నీళ్ళగ్లాసు తీసుకుని మొత్తం తాగింది. గ్లాసు కిందపెట్టి జవాబు చెప్పబోయేసరికి, డార్లీన్ గోడ గడియారం వైపు ఒకసారి చూసి, జవాబు రాని ఆ నిమిషాన్ని అప్పటికే రాయడం మొదలుపెట్టింది.